అట్టపెట్టె వెల

అమెరికాలోని షార్లెట్ నగరంలో 2013లో ఒక మహిళ, ఒక ధార్మిక సంస్థ నడిపే పాత వస్తువుల దుకాణంలో ఒక వీడియో గేమ్‌ను సుమారు 8 డాలర్లకు కొన్నది. తరువాత అది 25,000 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆమె డబ్బు చెల్లించక ముందే దగ్గరలోని మరో దుకాణానికి వెళ్ళి, దాని విలువ రూఢి చేసుకుని వచ్చిందని పత్రికలు రాశాయి. ఈ కొనుగోలు ధర్మసమ్మతమేనా అని పై తరగతి విద్యార్థులు మమ్మల్ని అడిగారు. వస్తువు ఏమిటో తెలుసుకోనిదే తీర్పు చెప్పరాదు గనుక ముందు దాని సంగతి చూద్దాం.

ఆ ఆట పేరు స్టేడియం ఈవెంట్స్. జపానుకు చెందిన బండాయ్ సంస్థ 1987లో నింటెండో యంత్రం కోసం అమెరికాలో దీన్ని విడుదల చేసింది. నేలపై పరిచే ఒక చాప దీనికి ఆధారం. చాపలోని మీటలపై పాదాలు మోపుతూ నిలుచున్న చోటనే పరుగెత్తితే తెరపై బొమ్మ పరుగెత్తుతుంది. 100 మీటర్ల పరుగు, 110 మీటర్ల హర్డిల్స్, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ అందులో ఉన్నాయి. బొటనవేళ్ళు తప్ప మరేదీ కదలని నేటి ఆటలకంటే ఇదే నయమని మాకు తోచింది. 1988లో నింటెండో ఆ చాప హక్కులు తాను తీసుకుని, దానికి పవర్ ప్యాడ్ అని పేరు పెట్టింది. ఆటను వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్ అనే కొత్త పేరుతో తెచ్చింది. పాత పేరున్న ప్రతులు అంగళ్ళలోంచి మాయమయ్యాయి.

విచిత్రం ఇక్కడే ఉంది. రెండూ దాదాపు ఒకే ఆట. కొత్త పేరుతో వచ్చినది ఎంత విస్తారంగా పంచబడిందంటే, సూపర్ మారియో, డక్ హంట్ ఆటలతో కలిపి ఒకే కేసెట్‌లో కూడా ఇచ్చారు. దాని వెల నేటికీ కొద్దిపాటి డాలర్లే. పాత పేరున్న ప్రతి ఒకటి 2010లో అట్టపెట్టెతో సహా, ఒక పాత యంత్రంతోనూ మరికొన్ని ఆటలతోనూ కలిసి వేలానికి వచ్చి 13,105 డాలర్లు పలికింది. అందులో అధిక భాగం ఆ అట్టపెట్టె కోసమే! అదే ఏడాది సీలు విప్పని మరో ప్రతి 41,300 డాలర్లకు పోయింది. ఐరోపాలో అదే పేరుతో అమ్మిన ప్రతికి మాత్రం ఇంత వెల లేదు. కనుక ఇక్కడ కొనేవాడు ఆటను కొనడం లేదు, అరుదుదనాన్ని కొంటున్నాడు.

పాత క్రీడా గేములన్నీ ఇలాంటివే అనుకుంటే పొరపాటు. వాటిలో అత్యధికం చవక సరుకు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మాడెన్, 1993 చివర మొదలైన ఫిఫా వంటివి ఏటేటా లక్షల ప్రతులుగా వచ్చాయి. కొత్త ఏడాది ఆటగాళ్ళ జాబితా రాగానే నిరుటిది పాత క్యాలెండరైపోతుంది. మన ఊళ్ళలో 1990లలో పిల్లలు ఆడిన పసుపుపచ్చ కేసెట్లు చాలావరకు అనుకరణలు. సేకర్తలు వాటికి పెద్దగా వెల కట్టరు.

ఇక విద్యార్థుల ప్రశ్న. సరుకు తెచ్చే బిడారులను ఊరి బయటే ఎదుర్కొని కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అంగడి ధర తెలియని అమ్మకందారు నష్టపోకూడదన్నది అందులోని ఉద్దేశం. షార్లెట్ దుకాణమైతే అంగడిలోనే ఉంది, ధర తానే నిర్ణయించింది, విచారించుకునే అవకాశమూ ఉంది. కొన్న మహిళ అబద్ధం ఆడినట్టు ఎక్కడా లేదు. కనుక అక్రమం అనలేం. అయితే హజ్రత్ జరీర్ (రజి) వృత్తాంతం కూడా విద్యార్థులకు గుర్తుచేశాం. 300 దిర్హములకు బేరం కుదిరిన గుర్రం అంతకన్నా విలువైనదని గ్రహించి, ఆయన తానే ధర పెంచుతూ 800 చెల్లించారు. అది చట్టం కోరేది కాదు, హృదయం కోరేది. పైగా అవతల ఉన్నది పేదల కోసం నడిచే దుకాణమైతే, లాభంలో కొంత తిరిగి అక్కడికే చేరడం ఎంతో శోభనిస్తుంది.

దుకాణం వేరు, ఇల్లు వేరు. భర్తను కోల్పోయిన ఒక స్త్రీ ఇంట్లో పిల్లల పాత సామాను చూసి, విలువ తెలిసి కూడా, "ఇదంతా చెత్తేనమ్మా, నేను తీసుకుపోతాను" అనేవాడు వ్యాపారి కాడు, ద్రోహి. ఆమె అతని మాటను నమ్మింది. ఈ తేడాను మేము ఎంతమాత్రం తేలికగా తీసుకోము.

అమెరికాలో స్థిరపడిన బంధువుల ఇళ్ళలో ఇలాంటి ఆటలుంటే, ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెనూ లోపలి పుస్తకాన్నీ పారవేయవద్దని చెప్పండి. విడి కేసెట్, పెట్టెతో ఉన్నది, సీలుతో ఉన్నది — మూడూ మూడు వేర్వేరు ధరలు. అమ్మేవారు అడుగుతున్న ధరను కాక, నిజంగా అమ్ముడుపోయిన ధరను చూడాలి. నకిలీలు లెక్కలేనన్ని ఉన్నాయి. పై కాగితం కొత్తగా అచ్చు వేయవచ్చు, విప్పిన పెట్టెకు మళ్ళీ ప్లాస్టిక్ చుట్టవచ్చు. విడి కేసెట్ అయితే మరలు విప్పి లోపలి సర్క్యూట్ పలకను తెలిసినవారికి చూపించి, ఆ తరువాతే డబ్బు మాట ఎత్తాలి.