వ్యాను ఎక్కని పిల్లలు

పోయిన వారం హాస్టళ్ల గురించి రాసింది చదివి ఒక విద్యార్థిని ఇన్‌బాక్స్‌లో అడిగింది: "సార్, నాకు కులం కాలేజీకొచ్చాక తెలిసింది. మీకెప్పుడు తెలిసింది?" మూడేళ్లకే తెలిసుంటుందమ్మా. దాని పేరే అప్పటికి తెలీదు.

మా డెల్టాలో ఏ ఊరికైనా పొద్దున్నే వెళ్లి కాలవగట్టు మీద నిలబడండి. పచ్చ వ్యాన్లు ఊళ్లో ఆగి, టై కట్టిన మూడేళ్ల పిల్లల్ని ఎక్కించుకుని టౌనుకి పోతాయి. పేట పిల్లలు అంగన్‌వాడీకి నడుస్తారు. (అప్పు చేసి వ్యానెక్కించే అమ్మానాన్నలు పేటలోనూ పెరిగారు. వాళ్లని తప్పుపట్టను.) ఆ కాన్వెంటు కరపత్రం మీద 'సమగ్ర వికాసం' అని ఉంటుంది. పక్క పేట పిల్లాడితో ఒక్క పూటైనా ఆడుకోని వికాసం సమగ్రం ఎలా అయింది?

తిండి, టీకా, బరువు చూడటం, ఆటపాట అన్నీ ఒకే గదిలో. ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది ఆ ఆలోచనతోనే. కేంద్రం ఊరి నడుమ ఉన్నచోట మా పిల్లలకి దారి దూరం, గుమ్మం ఇంకా దూరం. కొత్త కేంద్రాల్లో ఎస్సీ, ఎస్టీ వాడలకే ముందు ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. మా ఊళ్లో అలా కేంద్రం పేటకొచ్చింది. ఊరి పిల్లలు రావడం మానేశారు. కారణం ఎవరూ పైకి చెప్పలేదు. వండేది ఎవరో అందరికీ తెలుసు.

ఇక ఆ టీచరమ్మ. మన రాష్ట్రంలో ఆమెకి ఇచ్చింది నెలకి 11,500 రూపాయలు, అదీ జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, అత్యవసర సేవ అంటూ ఎస్మా పెట్టారు. అత్యవసరమని సమ్మె రోజే గుర్తొచ్చింది! చట్టంలోనూ ఇదే తీరు: ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు. ఆరేళ్ల లోపు పిల్లలకి మాత్రం 45వ అధికరణంలో ఒక ఆదేశిక సూత్రం.

నేను బాలవాడిలో 'కూడు' అంటే, "అన్నం అనాలి" అని నోటి మీద కొట్టారు. కోటి విద్యలూ కూటి కొరకే అనే సామెతలో దర్జాగా కూర్చున్న మాట, మా నోట్లోకి వచ్చేసరికి మోటైపోయింది. తెలుగులో డాక్టరేట్ చేశాక గానీ ఆ దెబ్బ తప్పని గట్టిగా అనలేకపోయాను. ఇంటి మాటని బయట వదిలేసి లోపలికి రమ్మనే గదిలో మూడేళ్ల పిల్ల నోరు విప్పదు. మనం దానికి 'వెనకబాటు' అని పేరు పెడతాం.

ఇప్పుడు బడుల పక్కకి కేంద్రాలు చేర్చాలంటున్నారు. చేర్చండి. అయితే ఆ బడి ఊళ్లోనే ఎందుకుండాలి? పేటలో మంచి భవనం కట్టి, ఊరి పిల్లల్ని ఇటు నడిపించండి. మా పిల్లలు తరతరాలుగా అటు నడిచారు.

సంక్రాంతికి ఇళ్లకెళ్తారుగా. సెలవులకి కేంద్రం మూయకముందే ఒక పూట మీ పేట అంగన్‌వాడీలో కూర్చోండి. తూకం పనిచేస్తుందా, నీళ్లున్నాయా, రిజిస్టర్లో ఊరి పిల్లలెందరు, వాళ్లలో పళ్లెం ముందు కూర్చునేదెందరు చూసి నాకు రాయండి. వచ్చే భాగం వాటితోనే రాస్తాను.