చినిగిన చున్నీ

సినిమా తీయాలంటే ఒకప్పుడు మద్రాసు రైలెక్కాలి. ఇప్పుడు జేబులో ఫోనుంటే చాలు. మీ ఇళ్ళల్లోనూ ఇటువంటి కుర్రవాళ్ళు ఉండే ఉంటారు. మా ఆర్మూరులో డిగ్రీ చదివే నలుగురు, అందులో మా మేనల్లుడొకడు, కలిసి పది నిమిషాల చిత్రం తలపెట్టారు. పసుపు కల్లంలో కూలికిపోయే తల్లి, పదో తరగతి చదివే కూతురు, ఇద్దరి మధ్యా పరీక్ష ఫీజు. కథ నాకు నచ్చింది. వేషాలు ఎవరెవరికిచ్చారో విన్నాకనే నవ్వొచ్చింది.

కూతురి వేషానికి ఇరవై రెండేళ్ళ అమ్మాయి!

"ఎందుకురా?" అన్నాను.

"డాన్సు మంచిగ చేస్తది అత్తా. తెల్లగుంటది."

కథలో డాన్సే లేదు. రోజల్లా ఎండలో పసుపు కొమ్ములు ఆరబోసే పిల్ల తెల్లగా ఎందుకుండాలో నలుగురిలో ఒక్కడూ చెప్పలేకపోయాడు. పదిహేనేళ్ళ పిల్ల చూడండి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చున్నీ కొస మెలిపెడుతూ నిలబడుతుంది. రెండు జడలు వేసినంత మాత్రాన పెద్దపిల్లకు ఆ తడబాటు వస్తుందా?

సత్యజిత్ రాయ్ అంతటివాడు "పథేర్ పాంచాలి" (1955)లో అపూ వేషానికి పత్రికల్లో ప్రకటన వేయించి ఎందరో పిల్లల్ని చూశాడు. ఎవరూ కుదరలేదు. ఆఖరికి ఆయన భార్య బిజొయా పక్కింటి కుర్రవాణ్ణి చూపించింది. (ఇంట్లో ఆడవాళ్ళ మాట వింటే లాభమే సుమా!) మన పొరుగున మహారాష్ట్రలో నాగరాజ్ మంజులే "సైరాట్" (2016)కు అక్లూజ్ ఊళ్ళో బడికి వెళ్ళే రింకూ రాజ్‌గురును తీసుకున్నాడు. జాతీయ బహుమతుల్లో ఆ పిల్లకు ప్రత్యేక ప్రశంస వచ్చింది. అంత దూరమెందుకు, మన జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయస్సులో ఎవరెస్టు ఎక్కింది గదా. రాహుల్ బోస్ ఆమె కథను 2017లో హిందీలో తీసినప్పుడు పూర్ణగా వేసిన అదితి ఇనామ్‌దార్ కూడా చిన్నపిల్లే. పేరున్న తారను పెడితే టిక్కెట్లు ఎక్కువ తెగేవేమో గాని, కొండ చిన్నదైపోయేది.

మావాళ్ళు కాస్త మెత్తబడ్డారు. నిజంగా పదో తరగతి పిల్లను తెద్దామంటే మరో చిక్కు. పసుపు కల్లాల కాలమూ పరీక్షల కాలమూ దాదాపు ఒకటే. అందుకని తొమ్మిది చదివే పిల్లను వెతికారు. దొరికిన పిల్ల తల్లి నిజంగానే పసుపు పనికి పోతుంది. పిల్ల హుషారుగా ఒప్పుకుంది. అడ్డుపడింది బట్టలే.

బీద పిల్ల అనగానే మావాళ్ళు కత్తెర తీశారు. కొత్త చున్నీని రెండుచోట్ల చింపి, మసి పూసి తీసుకువెళ్ళారు. తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసిందట.

"ఇది తొడిగి నా బిడ్డను పదిమందిల నిలబెడ్తరా? చినిగినయి మేము ఇంట్ల కట్టుకుంటం సారూ, బడికి కట్టం" అని చేతిలో పెట్టేసిందట.

వాళ్ళు చిన్నబుచ్చుకుని వచ్చారు గాని, నాకు మాత్రం ఆవిడ చెప్పినదే అసలైన దర్శకత్వం అనిపించింది. ఉన్నది ఒక్క జత యూనిఫారమైతే రాత్రి ఉతికి, తెల్లారి ఆరీ ఆరకముందే తొడుక్కుని పోతారు. మోచేతుల దగ్గర రంగు వెలిసిపోయి ఉంటుంది, కింద అంచు ఒకసారి విప్పి పొడుగు చేసి ఉంటుంది, ఆ పాత మడత గీత అలాగే కనిపిస్తుంది. లేమి కనిపించేది అక్కడ. చిరుగు కావాలంటే కల్లంలో తల్లి తొడుక్కునే పాత చొక్కాకు ఉండనివ్వండి.

పసుపు మరకతో మరో తమాషా ఉంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఎండలో వేస్తే వెలిసిపోతుంది. ఈ ఆదివారం మరకతో తీసి, చొక్కా ఉతికేసి, వచ్చే ఆదివారం మిగతాది తీస్తే తెరమీద మరక ఒక గడియలో మాయమవుతుంది. కాబట్టి ఒకే తానులోంచి రెండు చొక్కాలు కుట్టించుకోండి, పని అయ్యేదాకా మరకకు నీళ్ళు తగలనివ్వకండి అన్నాను. ఇది కాలేజీలో చెప్పరు కాబోలు, ఒకడు రాసుకున్నాడు!

ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయికి టీచరమ్మ వేషం ఇచ్చారు. చీరలో బాగానే ఉందట.

తల్లి రెండు షరతులు పెట్టింది. చిత్రం ఇంటర్నెట్టులో పెట్టేముందు తనకు చూపించాలి. ఒకసారి అందులోకి పోయిన బొమ్మ మళ్ళీ వెనక్కు రాదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. రెండోది, షూటింగులో ప్రతిరోజూ పిల్ల పక్కన తాను ఉండాలి. కల్లం పనికి ఆదివారం సెలవేమీ కాదు. పిల్ల వెంట వస్తే ఆమెకు ఆనాటి కూలి పోతుంది. కూలి మీరివ్వాలిరా అన్నాను. మావాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఎవరి జేబులో ఎంతుందో ఇంకా లెక్క తేలలేదు.