ఆ 2,000 ఎవరి ఫోన్‌కు వచ్చింది?

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ మొదలై రెండు వారాలు. పులివెందుల వైపు మా చిన్నాన్న గుత్తకు చేసే తోటలో అరటి గెలలు కోతకొచ్చాయి. లారీ రాలేదు. ఆ వారమే భూమి ఓనర్‌కు మెసేజ్ వచ్చింది: పీఎం కిసాన్ 2,000 జమ. ఓనర్‌ది ఊళ్లోనే కిరాణా కొట్టు. ఆయన తప్పేమీ లేదు. పాస్‌బుక్ ఆయన పేరు మీద ఉంది, అంతే.

గ్రూప్స్, బ్యాంక్ ఇంటర్వ్యూలకు ప్రిపేరయ్యేవాళ్లు డీబీటీ, అంటే నేరుగా ఖాతాలో నగదు వేయడం గురించి చదివే ఉంటారు. దాని బలం, బలహీనత రెండూ కరోనా కాలంలోనే బయటపడ్డాయి.

ముందు ఫ్యాక్ట్స్. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాదికి 6,000, మూడు విడతలు. 2020 మార్చి 26న నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటిస్తూ, 8.7 కోట్ల రైతులకు ఏప్రిల్ మొదట్లోనే 2,000 వేస్తామన్నారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అది అదనపు డబ్బు కాదు, రావాల్సిన విడతే ముందుగా వచ్చింది. రాష్ట్రంలో రైతు భరోసా కూడా అంతే. అప్పట్లో ఏడాదికి 13,500, అందులో 6,000 కేంద్రానిదే. మే 15న 5,500 వేశారు.

అంత వేగం ఎలా సాధ్యమైంది? ఖాతా, ఆధార్, భూమి రికార్డు అప్పటికే కలిపి ఉన్నాయి కాబట్టి. కానీ నష్టం లెక్క అందులో లేదు. ఆలూరు వైపు వర్షాధార శనగ చేనైనా, పులివెందుల అరటి తోటైనా, రైల్వే కోడూరు నర్సరీలో అమ్ముడుపోని అంట్లైనా, అందరికీ అదే 2,000.

అమెరికా వేరే దారి పట్టింది. 2020 ఏప్రిల్‌లో ప్రకటించిన సీఫ్యాప్‌లో 1,600 కోట్ల డాలర్లు పెట్టి, పంటను, నష్టాన్ని బట్టి చెల్లించారు. అయితే నర్సరీ మొక్కలు, పూలు ఆ లిస్టులోకి ఎక్కేసరికి ఆగస్టు వచ్చింది. అక్కడ లెక్క ఉంది, వేగం తగ్గింది. మన దగ్గర వేగం ఉంది, లెక్క లేదు.

మరి గుత్త రైతు సంగతి? పీఎం కిసాన్‌లో కౌలుదారుకు చోటే లేదు. రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఉండేది, కానీ సాగు హక్కు కార్డు కావాల్సి వచ్చేది. 2019 చట్టం ప్రకారం దానికి ఓనర్ సంతకం తప్పదు. భూమి ఎక్కడ చేజారుతుందోనని ఓనర్లు పెట్టరు. చిన్నాన్న అడగను కూడా అడగలేదు. అడిగితే వచ్చే ఏడాది గుత్త దక్కదని ఆయన భయం.

పరిష్కారానికి కావాల్సిన డేటా కొంత ఉంది. ఈ-క్రాప్‌లో భూమి ఎవరిదన్నదే కాదు, ఏ పంట, ఎవరు సాగు చేస్తున్నారు అన్నదీ నమోదవుతుంది. పంట నష్టపోతే ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి అదే ఆధారం. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవలో కేంద్రం వాటాతో కలిపి మొత్తం 20,000కు పెరిగింది. మొత్తం పెరిగినా పాత ప్రశ్న అలాగే ఉంది: లిస్టు ఎవరి పేరుతో తయారవుతోంది?

రేపు బోర్డు మిమ్మల్ని 'డీబీటీ సక్సెసా?' అని అడిగితే అవును, కాదు అని తేల్చేయకండి. డబ్బు చేరిందా, నష్టపోయినవాడికి చేరిందా అని రెండు ప్రశ్నలుగా విడదీయండి. మొదటిదానికి జవాబు బ్యాంకు ఖాతాలో దొరుకుతుంది. రెండోదానికి చేను గట్టు దాకా వెళ్లాలి.