ఆకుపచ్చ కోటు

దుర్గాపూజకు కొన్ని వారాల ముందు కలకత్తాలోని కుమార్‌టులీ వీధులలో అమ్మవారి ప్రతిమలు రూపు దిద్దుకొంటాయి. గంగ ఒండ్రుమట్టితోపాటు ఆ ప్రతిమలో మరొక మట్టి కూడా కలవాలన్నది వంగదేశంలో చిరకాలంగా వస్తున్న ఆచారం. అది వేశ్య వాకిటి మట్టి. ఆ మట్టి పవిత్రమన్నారు పెద్దలు. ఆ వాకిట నివసించే స్త్రీని మాత్రం పూజాపందిరికి దూరంగానే నిలిపారు.

కుమార్‌టులీకి ఎంతో దూరం లేదు సోనాగాఛీ. ఇరుకు సందులు, పాతకాలపు మేడలు, వేలాది స్త్రీలు. భారతదేశంలోని పెద్ద వేశ్యావాటికలలో అది ఒకటి. తెలుగు పాఠకులకు శరత్‌బాబు చంద్రముఖి తెలుసు, గురజాడవారి మధురవాణి తెలుసు. సాహిత్యంలో ఆ ఇరువురికీ లభించిన ఆదరం లోకంలో వారివంటి స్త్రీలకు లభించలేదు. 1992లో సోనాగాఛీలో ఆరంభమైన ఒక ఆరోగ్య కార్యక్రమం ఈ వ్యత్యాసాన్ని కొంతైనా తగ్గించిన తీరు తెలుసుకోదగినది.

అఖిల భారత పారిశుధ్య, ప్రజారోగ్య సంస్థ 1932లో కలకత్తాలో ఏర్పడింది. చిత్తరంజన్ ఎవెన్యూ మీద ఉన్న ఆ సంస్థనుండి అదే రహదారి వెంట ఉత్తరంగా సాగితే సోనాగాఛీ సందులు వస్తాయి. కాని ఆ మేడలోని వైద్యులకూ ఈ సందులలోని స్త్రీలకూ నడుమ ఉన్న దూరం మైళ్లలో కొలిచేది కాదు. 1990 దశకం ఆరంభంలో ఎయిడ్స్ భయం దేశాన్ని ఆవరించింది. వేశ్యావాటికలే ఆ వ్యాధికి పుట్టినిళ్లన్న అభిప్రాయం సర్వత్రా వ్యాపించింది. ఆ సమయంలో ఈ సంస్థకు చెందిన ప్రజారోగ్య నిపుణుడు డాక్టర్ స్మరజిత్ జానా సోనాగాఛీలో సుఖవ్యాధుల నివారణ కార్యక్రమానికి బాధ్యత వహించారు.

మొదటి పరిశీలనలో తేలిన సంగతి నిరుత్సాహకరమైనదే. నిరోధ్ తొడుగులను క్రమంగా వాడేవారు నూటికి ముగ్గురైనా లేరు. అజ్ఞానమే కారణమనుకొంటే గోడలకు ప్రకటనలు అంటించి, ఉపన్యాసాలు ఇప్పించి చేతులు దులుపుకోవచ్చు. జానా అంతటితో తృప్తిపడలేదు. ఆ స్త్రీల జీవితాన్ని దగ్గరగా గమనించగా అసలు చిక్కు బయటపడింది. తొడుగు వద్దన్న విటుణ్ణి ఒకతె వెనక్కు పంపితే అతడు పక్కగదికి పోతాడు. ఆనాటి రాబడి పోయినట్లే. గది అద్దె కట్టాలి. ‘కిస్తీవాలా’ అనే వడ్డీవ్యాపారి మరునాడు గుమ్మంలో నిలబడతాడు. అతడి వడ్డీ అసలును ఎన్నడో మించిపోయి ఉంటుంది. పోలీసు దాడులు, రౌడీల మామూళ్లు సరేసరి. ఏనాడో వచ్చే వ్యాధికన్నా ఈ రాత్రి ఆకలి ఆమెకు దగ్గరి శత్రువు. ఆమెకు కొరవడినది తెలివి కాదు, ‘కాదు’ అనగలిగే బలం.

కార్యక్రమానికి మలుపు ఇక్కడే వచ్చింది. బయటినుండి ఉద్యోగులను తెచ్చుకొనడానికి బదులు సోనాగాఛీ స్త్రీలలోనుండే ఆరోగ్య కార్యకర్తలను ఎన్నుకొన్నారు. వారికి శిక్షణ ఇచ్చారు, కొంత భృతి ఏర్పాటు చేశారు. వారందరికీ ఆకుపచ్చ కోటు ఒకటి, గుర్తింపు కార్డు ఒకటి ఇచ్చారు. కోటు చిన్న విషయమే అనిపించవచ్చు. కాని నిన్నటిదాకా పోలీసును చూసి తలుపుచాటుకు పోయిన స్త్రీ పగటిపూట వీధిలో తలెత్తుకొని ఇల్లిల్లూ తిరగడానికి ఆ కోటు అధికారపత్రంలాగా పనిచేసింది. గౌరవం, విశ్వాసం, గుర్తింపు: ఈ మూడింటినీ కార్యక్రమానికి మూలసూత్రాలుగా చెప్పుకొన్నారు.

ఆకుపచ్చ కోటు ధరించినవారు వ్యాధి లక్షణాలు వివరించారు, చికిత్సాలయానికి తోడు వెళ్లారు, తొడుగులు పంచారు. వైద్యుడు చేయలేని పని కూడా ఒకటి చేశారు. ఒక మేడలోని స్త్రీలందరినీ ఒక్క మాట మీద నిలిపారు. ఏ గదికి పోయినా అదే సమాధానం వస్తే విటుడు దిగిరాక తప్పదు గదా! ఒంటరి స్త్రీకి అసాధ్యమైనది సమష్టికి సుసాధ్యమైంది. మరికొన్నేళ్లకు, 1990 దశకం చివరికి, తొడుగుల వాడకం నూటికి ఎనభైని దాటింది. ముంబాయి వేశ్యావాటికలలో ఆ దశకంలో హెచ్.ఐ.వి. సోకినవారు నూటికి ఏభైని మించగా, సోనాగాఛీలో ఆ సంఖ్య పదికి అటూ ఇటూగా నిలిచింది.

ఇంతవరకే జరిగి ఉంటే దీనిని ఒక మంచి ఆరోగ్య కార్యక్రమం అని మెచ్చుకొని ఊరుకోవచ్చు. కాని ఇల్లిల్లూ తిరిగే కార్యకర్త రోగాల గురించి అడిగితే అప్పుల గురించి విన్నది. తొడుగుల గురించి చెప్పబోతే పిల్లల చదువుల ప్రస్తావన వచ్చింది. లెక్కలు రాయడానికి తమకే అక్షరాలు కావాలని కార్యకర్తలు కోరగా చదువు తరగతులు మొదలయ్యాయి. 1995లో ఆ స్త్రీలు తమదైన సంస్థను స్థాపించుకొన్నారు. దాని పేరు ‘దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ’. వంగభాషలో ‘దుర్బార్’ అంటే మన ‘దుర్వారమే’; ఆపశక్యం కానిది అని అర్థం. తమను తాము వారు ‘యౌనకర్మి’ అని పిలుచుకొన్నారు. అది శ్రమచేసి బ్రతికే మనిషి అన్న ధ్వని గల మాట.

అదే సంవత్సరం వడ్డీవ్యాపారి పీడ వదిలించుకొనడానికి ‘ఉషా’ అనే సహకార సంఘాన్ని తలపెట్టారు. చట్టం అడ్డు వచ్చింది. సభ్యులు సత్ప్రవర్తన గలవారై ఉండాలన్నది సహకార నిబంధన. గృహిణులమని రాసి నమోదు చేసుకొంటే పేచీ ఉండదని సలహా వచ్చింది. ఆ స్త్రీలు అంగీకరించలేదు. తమ వృత్తిని దాచుకొని పొందే హక్కు మరునాడు బయటపడితే ఊడిపోయే హక్కేనని వారికి తెలుసు. పట్టుబట్టి సాధించారు, ప్రభుత్వమే నిబంధనను సడలించింది. తాము దాచుకొన్న సొమ్మునుండి తామే న్యాయమైన వడ్డీకి అప్పు తీసుకొనే రోజు వచ్చింది. వడ్డీవ్యాపారి పట్టు సడలినకొద్దీ విటుడితో మాట్లాడే గొంతుకు బలం చేకూరింది. సహకార సంఘం కూడా ఒక విధంగా ఔషధాలయమే అయింది.

1997 నవంబరులో సాల్ట్‌లేక్ క్రీడాప్రాంగణంలో జరిగిన జాతీయ మహాసభకు దేశం నలుమూలలనుండి వేలాది యౌనకర్మిలు వచ్చారు. 1999లో సోనాగాఛీ ఆరోగ్య కార్యక్రమం నిర్వహణ పూర్తిగా దుర్బార్ చేతికి వచ్చింది. ఏ స్త్రీల కోసం కార్యక్రమం మొదలైందో ఆ స్త్రీలే దానికి యజమానులు అయ్యారు.

ఇదంతా ఒక నగరానికి, ఒక వ్యక్తికి మాత్రమే సాధ్యమైన విశేషమా అన్న సందేహం సహజం. దానిని పరీక్షించడానికి ఉత్తర బెంగాలులోని రెండు చిన్న పట్టణాలను పరిశోధకులు ఎన్నుకొన్నారు. ఒకదానిలో సోనాగాఛీ పద్ధతిని అమలు జరిపారు. రెండవదానిలో మామూలు వైద్యసేవలే ఉంచారు. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి పట్టణంలో తొడుగుల వాడకం నూటికి 39 వంతులు పెరిగింది. రెండవదానిలో 11 మాత్రమే.

అయితే దుర్బార్ మార్గాన్ని అందరూ ఆమోదించలేదు. వ్యభిచారాన్ని వృత్తిగా గుర్తించడం స్త్రీల క్రయవిక్రయాలకు ముసుగు కాగలదని ఆక్షేపించేవారు ఈనాటికీ ఉన్నారు. ఆ భయం నిరాధారం కాదు. దానికి దుర్బార్ ఇచ్చిన సమాధానం స్వయం నియంత్రణ మండలులు. కొత్తగా వచ్చిన స్త్రీతో మాట్లాడి, ఆమె బాలిక అయినా, బలవంతాన వచ్చినదైనా, అక్కడినుండి విడిపించడం వాటి పని. ఆ సందులో ఎవరు ఎప్పుడు వచ్చారో పోలీసుకన్నా ముందు తెలిసేది అక్కడి స్త్రీలకే. ఈ వివాదం తీరేది కాకపోవచ్చు. కాని ఆ చర్చలో యౌనకర్మి కూడా ఇప్పుడు తన గొంతుతో మాట్లాడుతున్నది.

2011లో యౌనకర్మిల స్థితిగతులపై సర్వోన్నత న్యాయస్థానం ఒక సంఘాన్ని నియమించినప్పుడు దుర్బార్‌కు అందులో స్థానం లభించింది. 2022 మే 19న అదే న్యాయస్థానం, యౌనకర్మిలకు కూడా రాజ్యాంగం ఇచ్చిన గౌరవప్రదమైన జీవనహక్కు ఉన్నదనీ, పోలీసులు వారిని మర్యాదగా చూడాలనీ ఆదేశించింది. ఆ ఆదేశం వినడానికి స్మరజిత్ జానా లేరు. అంతకు ఏడాది ముందు, 2021 మే 8న, కోవిడ్ ఆయనను బలిగొన్నది. ఆయన పోయినా దుర్బార్ ఆగలేదు. నాయకత్వాన్ని పంచినవాడి పనికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మన దేశంలో నేడు సుమారు పది లక్షలమంది ‘ఆశా’ కార్యకర్తలు ఉన్నారు. 2005లో మొదలైన ఆ పథకంలో కూడా ఊరి ఆరోగ్యభారం ఆ ఊరి స్త్రీదే. గోదావరి మన్యంలో కోయభాష మాట్లాడే ఆశా కార్యకర్త గర్భిణిని ఆసుపత్రికి నడిపించగలగడం ఆమె సంచిలోని మాత్రల మహిమ కాదు. తనవాళ్లు ఆమె మాటను నమ్ముతారు, అంతే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను ఆరోగ్యరంగ నాయకులుగా గుర్తించి పురస్కారం ప్రకటించింది. కాని ప్రభుత్వ లెక్కలలో ఆమె స్వచ్ఛంద సేవికే. ఎంత పనికి అంత పారితోషికం. సర్వే చేయమన్నప్పుడు ఆమె గుర్తుకు వస్తుంది. ఊరికి ఏమి కావాలో నిర్ణయించే సమావేశంలో ఆమె కుర్చీ ఎక్కడ ఉన్నదని అడిగేవారు తక్కువ. ఆ కుర్చీ ఇచ్చినందువల్ల ఏమి జరుగుతుందో సోనాగాఛీ చూపించింది.

2013లో, ఉన్నత న్యాయస్థానం అనుమతితో, సోనాగాఛీ స్త్రీలు తమ సొంత దుర్గాపూజ జరుపుకొన్నారు. తరతరాలుగా అమ్మవారికి మట్టి ఇచ్చిన వాకిళ్లకు ఆ ఏడు అమ్మవారే వచ్చింది.