ఆపరేషన్ ఎప్పుడూ ఆమెకేనా?

సోలాపూర్ తూర్పు పేటల్లో మధ్యాహ్నం ఏ గుమ్మం ముందు చూసినా ఆడవాళ్ల ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం. పక్క గల్లీ కార్ఖానాలో సాంచాల (మరమగ్గాల) మోత. తెలంగాణ నుంచి తరాల క్రితం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేస్తే ఆడవాళ్లు బీడీలు చుడతారు. చుట్టినన్నింటికే కూలి. చెయ్యి ఆగిన రోజు పైసా రాదు. అయినా ‘పిల్లలు చాలు’ అనుకున్నాక చేట పక్కన పెట్టి ఆస్పత్రికి నడిచేది ఆమే. బరువులెత్తే మగవాడికి ఆపరేషన్ చేస్తే బలం తగ్గుతుందన్న మాటొకటి ఉండనే ఉంది. అది అపోహ. మగవాళ్ల ఆపరేషన్ అయిన వేసెక్టమీలో వీర్యకణాలు వెళ్లే నాళాన్ని మూస్తారంతే; హార్మోన్లు ఎప్పటిలాగే తయారవుతాయి.

ఇది ఒక్క సోలాపూర్ కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల వివాహిత మహిళల్లో 37.9 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. వేసెక్టమీ మీద ఆధారపడిన జంటలు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ట్యూబెక్టమీ దాదాపు 70 శాతం!

ఆ భారం ఎంతటిదో 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం చూపించింది. ఒక్క రోజు శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే, నలుగురు తల్లులు చనిపోయారు.

మగవాళ్ల భయానికీ చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976–77లో, టార్గెట్ల పేరుతో లక్షలాది మందికి బలవంతంగా వేసెక్టమీలు చేశారు. నిర్బంధ కుటుంబ నియంత్రణ బిల్లును ఆమోదించింది సోలాపూర్ ఉన్న ఈ మహారాష్ట్ర శాసనసభే. ఆ గాయం మానాలంటే కోత లేని, కావాలనుకుంటే వెనక్కి తీసుకోగల పద్ధతి మగవాళ్లకు కావాలి.

అలాంటి ఆశ చూపే పద్ధతి మన దేశంలోనే పుట్టింది. ఐఐటీ ఆచార్యుడు సుజయ్ గుహ 1970ల చివర్లో మొదలుపెట్టిన ‘రిసగ్’లో, వీర్యనాళంలోకి ఒక పాలిమర్‌ను ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు. అది నాళం గోడకు అంటుకుని, అటుగా వెళ్లే వీర్యకణాలను పనికిరాకుండా చేస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 303 మంది పెళ్లయిన మగవాళ్లపై జరిపిన మూడో దశ పరీక్షల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఏడేళ్ల పరిశీలనలో 99 శాతం మేర గర్భం రాకుండా ఆపింది. తీవ్రమైన దుష్ప్రభావాలు కనిపించలేదు. మొదలై నలభై ఏళ్లు దాటినా అది మందుల దుకాణానికి చేరలేదు. దాన్ని తొలగించి సంతాన సామర్థ్యాన్ని తిరిగి తేవచ్చని జంతువుల్లో తేలింది. మనుషుల్లో తేలాల్సి ఉంది. యువ దంపతులకు అసలు ప్రశ్న అదే.

అమెరికాలో మగవాళ్లు భుజాలకు రాసుకునే హార్మోన్ జెల్‌ను పరీక్షించారు. మనం మన ఆవిష్కరణను మూలన పడేయడం అన్యాయం. కేంద్రం నిధులిచ్చి తదుపరి పరీక్షలు జరిపించాలి. సోలాపూర్ లాంటి శ్రామిక వాడల మగవాళ్లనూ అందులోకి పిలవాలి, కానీ టార్గెట్లు వద్దు. సమ్మతి పత్రం తెలుగులో, మరాఠీలో చదివి వినిపించాలి. పోయిన రోజుకూలి, బీమా ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉండాలి. సాంచా దగ్గర నిలబడే అన్నలూ, ఈసారి ఆస్పత్రి మాట ఇంట్లో వచ్చినప్పుడు ముందు మీరు లేవండి.