స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ హాస్టళ్లలో ఉండి పరీక్షలకు చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, ఆ హాస్టళ్లు నడిపేవారికీ, ఈ వీధుల్లో మెడికల్ షాపులు పెట్టుకున్న మిత్రులకూ నా విజ్ఞప్తి ఇది.

కాలేజీలో ఫార్మకాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. పొద్దున పేపర్లు చదవడానికి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వస్తుంటాను. అప్పటికే మీరు పుస్తకాలు తెరిచి కూర్చుని ఉంటారు. మీ మధ్య రోజూ వినపడే మాట ఒకటుంది: "అన్నా, తలకాయ నొస్తుంది, గోలీ ఉందా?" పక్కవాడు బ్యాగులోంచి కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తీసిస్తాడు. దాని మీద మందు పేరు సగమే ఉంటుంది, ఎన్ని మిల్లీగ్రాములో ఉండదు. అడిగినవాడు నీళ్లు తాగి మళ్లీ చదువులో పడతాడు. అది చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది.

నొప్పి ఎక్కడుందో గోలీకి తెలియదు. పేగులు దాన్ని పీల్చుకున్నాక ఆ రక్తం ముందు కాలేయానికే వెళుతుంది. కాలేయం కొంత మందును అక్కడికక్కడే మార్చేస్తుంది. మిగిలినదాన్ని గుండె ఒళ్లంతా తిప్పుతుంది. తలనొప్పికి వేసుకున్నది తలకు ఎలా చేరుతుందో కాలికీ, కడుపుకూ, కిడ్నీకీ అలాగే చేరుతుంది. ఆ మందు మళ్లీ మళ్లీ కాలేయం గుండా పోతూ, మారుతూ, చివరికి ఎక్కువ భాగం మూత్రంలో బయటపడుతుంది. ఈ పనికి పట్టే సమయం మందుమందుకూ వేరు. మన తొందర దానికి పట్టదు.

మీరందరూ వాడే పారాసెటమాల్‌నే తీసుకోండి. రెండు మూడు గంటల్లో రక్తంలో సగానికి తగ్గుతుంది. అందులో చాలా భాగాన్ని కాలేయం హాని లేని రూపంలోకి మార్చి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని విరిచేయడానికి కాలేయంలో గ్లూటాథయోన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది. పూటలకు పూటలు తిండి మానేసేవారిలో, మద్యం అలవాటున్నవారిలో ఆ నిల్వ తగ్గిపోతుంది. టిఫిన్ ఎగ్గొట్టి, రాత్రి అన్నం బదులు టీ తాగి చదివే మీలో ఎంతమందికి ఆ నిల్వ నిండుగా ఉంటుందో ఆలోచించండి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి పారాసెటమాల్ రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల గోలీలు ఆరంటేనే 3.9 గ్రాములు. మీరు విడిగా వేసుకునే జలుబు గోలీలు చాలావాటిలో కూడా పారాసెటమాల్ ఉంటుంది. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరనుకుని రెండూ వేసుకుంటారు. మోతాదు మించితే మొదటి రోజు వాంతులు తప్ప పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. రెండో రోజుకో మూడో రోజుకో కాలేయం దెబ్బతిన్నట్టు బయటపడుతుంది. దీనికి విరుగుడు మందు ఉంది. గోలీలు మింగిన ఎనిమిది గంటల్లోపు అందితే బాగా పనిచేస్తుంది. అందుకే "కొంచెం చూద్దాం" అని ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.

మొన్న ఒక కుర్రాడు లైబ్రరీలో నా పక్కన కూర్చుని, విరేచనాలకని ఎవరో ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకున్నప్పటి నుంచి నిద్ర లేదు, గుండె దడగా ఉందన్నాడు. టీ ఎన్నిసార్లు తాగుతావని అడిగితే ఆరేడు సార్లన్నాడు. టీలోని కెఫీన్‌ను కరిగించే ఎంజైమును సిప్రో అడ్డుకుంటుంది. మామూలుగా అయిదు గంటల్లో సగానికి తగ్గే కెఫీన్ అప్పుడు ఇంకా ఎక్కువసేపు రక్తంలో తిరుగుతుంది. విరేచనాలన్నిటికీ ఆ మందు అక్కర్లేదన్నది వేరే మాట.

పాత రకం జలుబు గోలీల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మెదడులోకి వెళ్లి మత్తు కలిగిస్తుంది. సగానికి తగ్గడానికే ఇంచుమించు 20 గంటలు తీసుకుంటుంది. రేపు పరీక్షనగా రాత్రి వేసుకుంటే పరీక్ష హాల్లో కూడా మీతోనే ఉంటుంది. నిద్ర కోసం కొందరు వేసుకునే ఆల్ప్రజోలం సంగతీ అంతే.

రూమ్మేటుకు పడిన మందు మీకూ పడుతుందని లేదు. క్షయకు వాడే ఐసోనయజిడ్‌ను కొందరి కాలేయం గంట, గంటన్నరలో సగానికి తగ్గిస్తే మరికొందరికి మూడు గంటలు పడుతుంది. పుట్టుకతో వచ్చిన తేడా అది, చూస్తే తెలియదు.

ఇక వానాకాలంలో జ్వరమొస్తే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ మనకు పక్కనే ఉంది, వెళ్లి చూపించుకోండి.

మెడికల్ షాపు మిత్రులారా, విడి గోలీలు ఇచ్చేటప్పుడు కవరు మీద మందు పేరు, మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకొకటో రాసివ్వండి. ఆల్ప్రజోలం లాంటివి 2014 నుంచి హెచ్1 జాబితాలో ఉన్నాయి. వాటికి చీటీ, రిజిస్టరు తప్పనిసరి. ఏడుస్తూ అడిగినా చీటీ లేకుండా ఇవ్వకండి, డాక్టరు దగ్గరికి పంపండి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పేరు కనపడని గోలీ ఎవరిచ్చినా పుచ్చుకోకండి. వేసుకున్నదేదో, ఏ టైముకో నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి.

హాస్టల్ నడిపే అన్నలూ అక్కలూ, రెండు పూటలు భోజనానికి కిందికి రాని పిల్లల తలుపు తట్టండి. ఏం మింగారో, ఎన్ని మింగారో కోప్పడకుండా అడగండి. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే గదిలోని ఖాళీ స్ట్రిప్పులన్నీ ఏరి వెంట తీసుకెళ్లండి.