నిమిషాల గొప్పలు – ధ్రువుని మీద నేరం



నక్షత్రాల ఫోటోలు తీసే నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ మధ్య దిగులుగా వచ్చాడు. చేతిసంచిలో పట్టే స్టార్ ట్రాకరు కొన్నాడు. 200 మి.మీ. లెన్సుతో 4 నిమిషాల ఎక్స్‌పోజరు ఇస్తే చుక్కలన్నీ గీతలయ్యాయట. "నాలుగు నిమిషాలు నిలపలేనివానికి ఈ విద్య ఎందుకు?" అని తోటివారు ఎగతాళి చేశారట. ఆ ఎగతాళిని ఖండించడానికే ఈ నాలుగు మాటలు.

మొదటి తప్పు నాది. ధ్రువుడు అచంచలుడని తరగతిలో ఏళ్ల తరబడి చెప్పాను. అది నమ్మి అతడు యంత్రపు ఇరుసును నేరుగా ధ్రువనక్షత్రానికే గురిపెట్టాడు. కాని ఆ నక్షత్రం నేడు ఖగోళ ధ్రువానికి దాదాపు 38 కళల దూరంలో ఉన్నది. పున్నమి చంద్రుని వెడల్పు కన్న ఎక్కువ. (డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ.) ఇరుసు అంత తప్పితే చుక్క నిమిషానికి 10 వికళల దాకా జారుతుంది. 200 మి.మీ. లెన్సు వెనుక 4 మైక్రాన్ల పిక్సెలు పట్టేది సుమారు 4 వికళలే. అంటే నాలుగు నిమిషాలకు పది పిక్సెళ్ల గీత! అదే 24 మి.మీ. లెన్సయితే ఒక పిక్సెలుకు కాస్త మించుతుంది, అంతే. కనుక లెన్సు మాట ఎత్తకుండా నిమిషాలు మాత్రం చెప్పడం విశేష్యం లేని విశేషణం.

గురి కుదిరినా మరో హద్దున్నది. 144 పళ్ల చక్రాన్ని తిప్పే వర్మ్ గేరు దాదాపు 10 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని తయారీలోని స్వల్ప లోపమే చుక్కను అటూ ఇటూ ఊపుతుంది. ఇది చిన్న యంత్రాల స్వభావం. సాధకుని అసమర్థత కాదు. పైగా హైదరాబాదులో ధ్రువుని ఎత్తు సుమారు 17 డిగ్రీలే. దిగంతపు ధూళిలో, దీపాల వెలుగులో అతడు కనబడడమే కష్టం. యూరపువారి నిమిషాలతో మనవారిని కొలవడం న్యాయమా?

"ఎక్స్‌పోజరు తగ్గిస్తే మసక నీహారికలు రావు కదా" అంటారు. నిమిషం చొప్పున 60 చిత్రాలు కలిపినా, 4 నిమిషాల చొప్పున 15 కలిపినా చేరే వెలుగు ఒక్కటే. ప్రతి చిత్రానికీ సెన్సరు కొంత రొద చేరుస్తుంది, నిజమే. కాని ఊరి వెలుగు సోకిన ఆకాశం తెచ్చే రొద ముందు అది చాలావరకు లెక్కలోకి రాదు. పొడుగు చిత్రాలలో సగం గీతలై పారవేస్తే, పోయిన ఆ వెలుగు మాటేమిటి?

అతనికి ఒకటే చెప్పాను: ఇరుసును ధ్రువతారకు కాదు, ధ్రువస్థానానికి సరిచెయ్యి, 30 సెకన్లతో మొదలుపెట్టి, చుక్క గుండ్రంగా ఉన్నంతవరకే పెంచు. ఇక గొప్పలు చెప్పేవారికి నా మనవి: నిమిషాలతో పాటు మీ లెన్సు, మీ పిక్సెలు, పారవేసిన చిత్రాల లెక్క కూడా చెప్పండి. అప్పుడు వాదిద్దాం.